కెమెరాను ట్రాలీ వైపు కూడా తిప్పండి

సంపాదకులకు నమస్కారం.

నర్సుల శిక్షణ మీద మీ పత్రికలో ఈ మధ్య వచ్చిన వ్యాసం చదివాను. వార్డు పని గురించి బాగా రాశారు. ఆపరేషన్ థియేటర్ ఊసు మాత్రం లేదు. పంతొమ్మిదేళ్లుగా ఓటీలోనే ఉన్నదాన్ని, కొత్త పిల్లలకు పని నేర్పేదాన్ని కాబట్టి రాస్తున్నాను.

నేను చదువుకునేటప్పుడు ఓటీ పోస్టింగ్ అంటే, దేన్నీ తాకకుండా గోడవారన నిలబడటమే. ఉద్యోగంలో చేరిన మొదటి వారం సర్జన్ చెయ్యి చాచి ‘మెట్జ్’ అన్నారు, అంటే మెట్జెన్‌బామ్ కత్తెర. నేను మేయో కత్తెర పెట్టాను. ఆయన ఒక్క మాటా అనకుండా దాన్ని పక్కన పెట్టి మళ్లీ చెయ్యి చాచారు. తిట్టినా అంత టెన్షన్ పడేదాన్ని కాదేమో. మేయో దళసరిగా ఉంటుంది, గట్టి పొరలకు పనికొస్తుంది. మెట్జెన్‌బామ్ నాజూకైనది, మెత్తటి కణజాలానికి. దానితో కుట్టుదారం కోస్తే పదును పోతుంది. రెండింటి బొమ్మలూ పుస్తకంలో చూసినవే. కానీ ఏది ఎంత బరువుంటుందో చేతికి తెలియదు కదా!

ఇప్పుడు వీడియోలు బోలెడున్నాయి అంటారు. ఉన్నాయి, నేనూ చూస్తాను. అవి సర్జన్ల కోసం తీసినవి. కెమెరా కోత లోపలికే చూస్తుంటుంది. పక్కనుండి సర్జన్‌కు పరికరాలు అందించే స్క్రబ్ నర్సు ట్రాలీ ఎలా సర్దింది, సూదిని ఏ వైపు తిప్పి అందించింది, మాప్‌లు, అంటే రక్తం అద్దే గుడ్డలు, ఎప్పుడు లెక్కపెట్టింది, ఏదీ కనపడదు. మనకు కావలసింది ఫ్రేములోనే ఉండదు.

నాకు పని నేర్పింది మా ఇన్‌చార్జి సిస్టర్ నోటుబుక్. ఒక్కో సర్జన్‌కు ఒక్కో పేజీ: గ్లవ్ సైజు, ఏ దారం, ఏ బ్లేడు. మార్జిన్లలో ఆవిడ హెచ్చరికలు. సున్నాలు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, మూడు సున్నాల 3-0 కన్నా రెండు సున్నాల 2-0 లావు. 11 నంబరు బ్లేడును 4 నంబరు హ్యాండిల్‌కు ఎక్కించబోకు. ఆటోక్లేవ్ (ఆవిరితో పరికరాల్లో క్రిములను చంపే మెషీన్) టేపు మీద గీతలు వచ్చాయంటే ప్యాక్ మెషీన్‌లోకి వెళ్లొచ్చిందనే అర్థం, స్టెరైల్ అయిందని, అంటే క్రిములన్నీ పోయాయని కాదు, ప్యాక్ లోపలి ఇండికేటర్ కూడా చూడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో 19 అంశాలున్నాయి. ఒక్కోటి ఎందుకు అడగాలో దాని మాన్యువల్‌లో వివరంగా ఉంది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మనం కొత్తవాళ్లకు టిక్ పెట్టే కాగితం ఇస్తాం, మాన్యువల్ ఇవ్వం.

ఒకసారి పొట్ట మూసే ముందు లెక్కలో మాప్ ఒకటి తగ్గింది. ఆ సంగతి గట్టిగా చెప్పింది, చేరి మూడు వారాలైన అమ్మాయి. అందరూ విసుక్కున్నారు, నాతో సహా. మళ్లీ లెక్కపెట్టమంది. మళ్లీ ఒకటి తక్కువే. చివరికి తీసి పక్కన పడేసిన డ్రేప్ (పేషెంటు మీద కప్పే గుడ్డ) మడతలో దొరికింది. ఆ పిల్లకు ఆ ధైర్యం ఊరికే రాలేదు. అంతకు ముందు రెండు వారాలు రోజూ ఖాళీ థియేటర్‌లో పైకి చదువుతూ మాప్‌లు లెక్కపెట్టించాను.

ఆసుపత్రుల వాళ్లను నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. వాడకం నుంచి తీసేసిన ఒక పాత ట్రే, గడువు దాటిన కుట్టుదారం ప్యాకెట్లు ప్రాక్టీసుకని రాసి విడిగా పెట్టండి. కేసులు లేనప్పుడు ఒక గంట థియేటర్ ఇవ్వండి. పేషెంటు లేకుండా, ఉత్త ట్రాలీ సర్దడం, అందించడం, లెక్కపెట్టడం ఫోన్‌లో తీసి కొత్తవాళ్లకు చూపించండి.

మా సిస్టర్ నోటుబుక్ అట్ట ఊడిపోయింది. రిటైరైన సర్జన్ల పేజీలు తీసేసి, ఆవిడ మార్జిన్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టు కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను.

ఇట్లు,
ఒక ఓటీ సిస్టర్