కసిమి నల్లబడేటప్పుడు చూడాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. చిత్రకారులకు ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుందో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ప్రకృతి, దైవభక్తి, ప్రయాణాలు అని రాశారు. కాదనను. శ్రీకాళహస్తిలో ఇరవై ఏళ్ల పైనుంచి కలంకారీ వేస్తున్నదాన్ని కాబట్టి నా సంగతి కూడా చెప్పాలనిపించింది.

పొద్దున్నే ఇంటిపని ముగించుకుని నేను గుడ్డ ముందు కూర్చునేది నల్లరంగు కోసం. దాన్ని మేం కసిమి అంటాం. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం ఒక కుండలో వేసి, నీళ్లు పోసి నానేస్తే రెండు మూడు వారాలకు పులుస్తుంది. వడగట్టి వెదురు కలంతో గీస్తాం. కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో మెల్లగా నొక్కితే రంగు మొనలోకి దిగుతుంది. గీసినప్పుడు గీత పల్చగా, ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. గుడ్డను ముందే కరక్కాయ పొడి, గేదెపాలు కలిపి అందులో తడిపి ఆరేసి ఉంటాం కదా, చూస్తుండగానే ఆ గీత నల్లబడుతుంది. చెరపడానికి ఉండదు. ఇన్నేళ్లయినా ఆ కాసేపు నాకు ఊపిరి ఆగినట్టే ఉంటుంది.

మొదట్లో సీతమ్మ ముఖం పాత పటాల్లో చూసి గీసేదాన్ని. బాగానే కుదిరేది కానీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిలా ఉండేది. మా నాన్న లారీ మీద వెళ్తే ఎప్పుడొస్తాడో తెలిసేది కాదు. అమ్మ ఒక మోకాలు పైకి పెట్టుకుని, చెంపకు చెయ్యి ఆనించి, గడపలో కూర్చుని రోడ్డు వైపు చూస్తుండేది. ఒకసారి అశోకవనం వేస్తుంటే చెయ్యి దానంతట అదే ఆ కూర్చునే తీరు గీసేసింది. అమ్మ చూసి, "ఇది నేనే గదా! ఇన్ని నగలు నాకెక్కడివే?" అంది. ఆ తర్వాత ఏ కథ వేసినా ముందు మా వీధిలో మనుషుల్ని వెతుక్కుంటాను.

మా ఊరి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు మేమంతా పండగ చేసుకున్నాం. అలాంటివి తలెత్తుకునేలా చేస్తాయి, నిజమే. కానీ నడుం నొప్పి పెడుతున్నా ఇంకో గంట కూర్చోబెట్టేది ఆ నలుపే. కిందటేడు పక్కింటి అమ్మాయి కూలి కోసమే పనిలో చేరింది. చెయ్యి వణుకుతోందని ఒకటే టెన్షన్. తను గీసిన మొదటి గీత నల్లబడటం చూసి, "అక్కా, వచ్చింది!" అని అరిచింది. మర్నాడు నాకంటే ముందే వచ్చి కూర్చుంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, స్కూలు బస్సుల్లో పిల్లలు గుడికి వస్తారు. దర్శనం కాగానే దుకాణానికి తీసుకెళ్తారు. అక్కడ మెషీన్ మీద ప్రింట్ చేసిన చున్నీ చూసి అదే కలంకారీ అనుకుని వెళ్లిపోతారు. నాకు చాలా బాధేస్తుంది. టీచర్లకు నా మనవి: పని జరిగే ఇంటికి తీసుకొచ్చి ఒక గంట కూర్చోబెట్టండి. ఇక్కడికి వచ్చే విలేకరులు కూడా అవార్డుల ఫొటోలు అడుగుతారు, కుండ దగ్గరికి రమ్మంటే టైం లేదంటారు. వచ్చే వారం కొత్త కసిమి వడగడుతున్నాను. మీ పత్రిక నుంచి ఎవరైనా వస్తే మొదటి గీత వాళ్ల చేతే గీయిస్తాను.

– ఒక కలంకారీ కళాకారిణి, శ్రీకాళహస్తి