పిల్లికూనకూ మేనరికం చూడండి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో పర్షియన్ జాతి పిల్లికూన కొనబోయేవాళ్లు డాల్ ఫేసా (ముక్కు మామూలుగా ఉండేదా), పంచ్ ఫేసా (మొహం చప్పిడిగా ఉండేదా) అని అడుగుతారు, బొచ్చు నిమిరి చూస్తారు, పేపర్లున్నాయా అంటారు. ఆ పేపర్లు విప్పి చదివేవాళ్లు తక్కువ. చాలాసార్లు చేతికొచ్చేది టీకాల కార్డే. అది తాతముత్తాతల పేర్లుండే వంశపత్రం కాదు.

మేనరికం మనకు తెలిసిందే. మేనమామను చేసుకుంటే పుట్టే బిడ్డకు రక్తసంబంధం లెక్క, అంటే ఒకే పూర్వీకుల జన్యువు తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ జంటగా అందే అవకాశం, 12.5 శాతం, మేనబావనైతే 6.25. ఒకే తండ్రికి వేరే తల్లుల వల్ల పుట్టిన పిల్లులను జతకడితే కూనకు 12.5. ఒకే ఈతవాటిని కలిపితే 25, తల్లీకొడుకులను కలిపినా అంతే.

ఈ లెక్క మనమే కట్టుకోవచ్చు. వంశపత్రంలో తండ్రివైపూ తల్లివైపూ కనిపించే పేరుకు సున్నా చుట్టండి. కూన తండ్రి నుంచి ఆ పేరుకు ఎన్ని మెట్లో, తల్లి నుంచి ఎన్ని మెట్లో కూడి, ఇంకొకటి కలపండి. 100ని అన్నిసార్లు సగం చేయండి. తండ్రికి తండ్రీ, తల్లికి తండ్రీ ఒకే గండుపిల్లి అయితే 1+1+1, అంటే మూడుసార్లు: 50, 25, 12.5. అలాంటి పేర్లు రెండుంటే విడివిడిగా కట్టి కూడాలి. అయితే ఆ గండుపిల్లి తల్లిదండ్రులు దాని వెనకే రెండువైపులా వస్తారు, వాళ్లను మళ్లీ లెక్కపెట్టకండి. మూడు తరాల పత్రంలో 14 పేర్లే ఉంటాయి, అయిదు తరాలదైతే 62. అయిదు తరాలదే అడగండి.

వేరే ఏరియా, వేరే బ్రీడర్ అన్న ధీమా వద్దు. పేరున్న గండుపిల్లి ఒకటుంటే వైట్‌ఫీల్డ్ నుంచీ యలహంక నుంచీ ఆడపిల్లులను దాని దగ్గరికే తెస్తారు. ఊరి రెండు కొసల కూనలకూ తండ్రి ఒకటే కావచ్చు.

దగ్గరి సంబంధంలో దాగిన లోపాలు జంటగా కలుస్తాయి. పర్షియన్లలో ఒక రకం రెటీనా జబ్బు అలాంటిదే. తల్లీ తండ్రీ చూపు బాగానే ఉంటుంది, కూనకు నాలుగు నెలలకే చూపు పోతుంది. కిడ్నీల్లో నీటితిత్తులు పెరిగే పీకేడీ తీరు వేరు. దానికి ఒక్కవైపు నుంచి వచ్చిన జన్యువే చాలు, కాబట్టి రక్తసంబంధం సున్నా అయినా రావచ్చు. అందుకే తల్లిదండ్రులిద్దరి డీఎన్‌ఏ రిపోర్టులూ చూడాలి. కిడ్నీల స్కానింగ్‌లో ఏమీ లేదంటే, అప్పటికి ఆ పిల్లి వయసెంతో అడగండి. పది నెలలు దాటకముందు తీసిన స్కానింగ్‌ను నమ్మలేం. కూనకే పరీక్ష చేయిస్తే, బుగ్గలోపలి నమూనా పాలు తాగిన వెంటనే తీయకూడదు, తల్లి కణాలు కలిసిపోతాయి. రిపోర్టు మీది మైక్రోచిప్ (పిల్లి చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) నంబరు, ఆ పిల్లి మీద చిప్ స్కానర్ పెడితే వచ్చిన నంబరు ఒకటేనా చూసుకోండి. ఇంకో పిల్లి రిపోర్టు చూపిస్తే అలా తెలిసిపోతుంది.

చెవులు ముడుచుకుని ఉండే స్కాటిష్ ఫోల్డ్ జాతి సంగతి ఇంకా బాధాకరం. చెవి ముడిచే జన్యువే కీళ్లనూ పాడుచేస్తుంది. దానికి మంచి జత అంటూ ఉండదు, కొనకండి.

‘జతగా తీసుకుంటే తగ్గిస్తాం’ అంటే ఒకే ఈత అన్నాచెల్లెళ్లను ఇస్తున్నారేమో అడగండి. అవునంటే అయిదో నెల దాటకముందే రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. ఆలస్యమైతే వాటి సంతానం లెక్క 25తో మొదలవుతుంది.

పత్రికకు ఒక మనవి. కూనల అమ్మకం ప్రకటన వేసేటప్పుడు తల్లీతండ్రీ రిజిస్ట్రేషన్ నంబర్లు కూడా అడిగి అచ్చువేయండి.

- ఒక పిల్లుల పెంపకందారు, మారతహళ్లి, బెంగళూరు