వేళ్ళ మీద ఐరన్ పొర ఉంది కదా అని ఆర్సెనిక్‌ని వదిలేస్తే ఎలా

ఎడిటర్ గారికి నమస్తే,

మీ వ్యవసాయం పేజీలో వరి, మట్టిలో ఉండే ఆర్సెనిక్ అనే విషపదార్థం గురించి వేసిన వ్యాసం చదివాను. బాగానే రాశారు గానీ చివర్లో వరి వేళ్ళకి ఐరన్ పొర ఉంటుంది కాబట్టి ఆర్సెనిక్ లోపలికి పోదు అన్నట్టు తేల్చేశారు చూడండి, అక్కడే నాకు పేచీ. అది సగం నిజమే.

నీళ్ళు నిలబడ్డ మడిలో దుబ్బు పీకి కడిగి చూడండి, ముదురు వేళ్ళు ఇటుక రంగులో ఉంటాయి, ఎంత రుద్దినా ఓ పట్టాన పోదు, కొసలు మాత్రం తెల్లగా ఉంటాయి. మీరు వేసిన బొమ్మలో వేరు మొదలు నుంచి కొసదాకా ఎర్రగానే ఉంది. కొసలకీ, అప్పుడే పుట్టిన పిల్లవేళ్ళకీ ఆ పొర ఉండదు, ఉన్నా బాగా పల్చన.

అసలు ఆ ఎరుపు ఎక్కడిదంటే, నీళ్ళు నిలిచాక మట్టిలో ఆక్సిజన్ అయిపోతుంది, అప్పుడు బాక్టీరియా ఊపిరికి ఐరన్ ఆక్సైడ్‌ని వాడుకోవడం మొదలెడతాయి, ఐరన్ కరిగిపోయి దాన్ని పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ కూడా నీళ్ళలోకి వచ్చేస్తుంది, పైగా ఆర్సెనిక్‌కి ఉన్న రెండు రూపాల్లో ఆర్సెనేట్ కాస్తా ఆర్సెనైట్‌గా మారుతుంది. వరి తక్కువదేం కాదు, ఆకుల నుంచి గాలి గొట్టాల్లో ఆక్సిజన్ కిందికి దించుకుంటుంది, అందులో కొంత వేరు నుంచి బయటికి కారుతుంది, కరిగిన ఐరన్ దాంతో కలిసి వేరు మీదే తుప్పు కడుతుంది. మట్టిలో ఆర్సెనిక్‌ని వదిలేసిన ఐరనే మళ్ళీ వేరు దగ్గర పట్టుకుంటుందన్నమాట, భలే ఉంది కదా.

కానీ పట్టుకోవడం వేరు, ఆపేయడం వేరు. ఈ పొర ఆర్సెనేట్‌ని ఆపినంత గట్టిగా ఆర్సెనైట్‌ని ఆపలేదు. నీళ్ళ మడిలో ఎక్కువగా ఉండేదేమో ఆర్సెనైటే. అది మొక్కకి సిలికాన్ లాగే కనిపిస్తుంది, సిలికాన్ వెళ్ళే దారుల్లోనే దూరిపోతుంది, జియాన్ ఫెంగ్ మా అనే మొక్కల శాస్త్రవేత్త టీమ్ 2008లోనే ఇది చూపించింది. అందుకే మొక్కకి సిలికాన్ బాగా అందితే ఆర్సెనైట్ తగ్గుతుంది అంటారు. ఇంకోటి, పొర శాశ్వతం కాదు. వేరు ఆక్సిజన్ వదలడం తగ్గితే అదీ కరుగుతుంది, అన్నాళ్ళూ దాచిందంతా సరిగ్గా వేరు పక్కనే వదులుతుంది. నన్నడిగితే అది గోడ కాదు, గోడౌన్.

కాబట్టి వేరు ఎర్రగా ఉందా లేదా అని కాదు, గింజలో ఎంత తేలిందో చూడాలి. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ పెట్టిన లిమిట్ పాలిష్ చేసిన బియ్యానికి కిలోకి 0.2 మిల్లీగ్రాములు, పొట్టు మాత్రమే తీసిన ముడి బియ్యానికి 0.35, అదీ ఇనార్గానిక్ ఆర్సెనిక్ లెక్క, అంటే కార్బన్‌తో కలవని, ఎక్కువ విషమున్న రకం. ముడి బియ్యానికి ఎక్కువ ఎందుకిచ్చారంటే తవుడు పొరలోనే అది ఎక్కువ చేరుతుంది. ఆరోగ్యం అని ముడి బియ్యం తినేవాళ్ళకి ఈ ముక్క ఎవరూ చెప్పరు!

మడి మధ్యమధ్యలో ఆరగట్టమన్న మీ సలహా మంచిదే, గాలి తగిలితే ఐరన్ మళ్ళీ తుప్పై ఆర్సెనిక్‌ని మట్టిలోనే పట్టేస్తుంది. కాకపోతే కాడ్మియం అనే ఇంకో విషలోహం ఉన్న నేలల్లో కథ తిరగబడుతుంది, నీళ్ళు నిలిచినప్పుడు సల్ఫైడ్‌గా గడ్డకట్టి ఉన్న కాడ్మియం మడి ఆరగానే కరిగి గింజలోకి పోతుంది. ఈసారి ఆరగట్టమని రాసేటప్పుడు ముందు మట్టిలో రెండూ టెస్ట్ చేయించుకోమని కూడా ఒక్క లైన్ వేయండి.

ఇట్లు
మీ పాఠకుడు