మెడ మీద గడ్డకి 3 నెలలు మాత్రలేనా? గుంటూరు జిల్లా వైద్యాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా బాబాయి మిర్చి యార్డులో హమాలీ. దవడ కింద రేగుపండంత గడ్డ లేచింది, నొప్పి లేదు కదాని వదిలేశాడు. తర్వాత చూపిస్తే ఒక ఆసుపత్రిలో టీబీ గడ్డేమో అని, సూది పరీక్ష కూడా చేయకుండా 3 నెలలు మాత్రలు మింగించారు. చివరికి విజయవాడలో సూదితో తీసి చూస్తే క్యాన్సర్. అదీ మెడలో పుట్టింది కాదట, ఎక్కడినుంచో పాకింది. ఎక్కడినుంచి? నోరు చూశారు, గొంతు చూశారు, సీటీ తీశారు, దొరకలేదు.

పెట్ సీటీలో దొరికింది. రేడియోధార్మికత ఉన్న గ్లూకోజ్ లాంటి మందు నరానికి ఎక్కించి, గంటసేపు కదలకుండా పడుకోబెట్టి స్కాన్ తీశారు. క్యాన్సర్ కణాలు చక్కెరని ఎక్కువగా లాక్కుంటాయి కాబట్టి టాన్సిల్ లోతున శనగగింజంత చుక్క వెలిగింది. (పొద్దున్నుంచి టీ చుక్క తాగనివ్వలేదని బాబాయి ఒకటే గొడవ.)

ఈ స్కాన్‌లో అందరికీ దొరకదని తెలుసు. కానీ పరీక్షకని గొంతులో ముక్క తీయకముందే ఈ స్కాన్ చేయాలి, తీశాక ఆ పుండు కూడా వెలిగి దేన్ని నమ్మాలో తెలియదు. ఆ మందు బలం 110 నిమిషాలకి సగమైపోతుంది, నిల్వ ఉండదు, కాబట్టి మన జిల్లాలో ఈ స్కాన్ పెట్టాలంటే మెషిన్ కొని రిబ్బన్ కత్తిరిస్తే సరిపోదండీ, రోజూ మందు వచ్చే ఏర్పాటు ఉండాలి.

40 దాటినవాళ్లకి మెడ గడ్డ రెండు మూడు వారాల్లో తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి పంపాలని పీహెచ్‌సీలకి ముందు ఒక కాగితం రాయండి.

ఇట్లు,
ఒక హమాలీ అన్న కొడుకు, గుంటూరు