రమణకి, షుగర్ హిల్ సిల్వియా గురించి

రమణా,

నీ ఉత్తరం అందింది. "షుగర్ హిల్ రికార్డ్స్ జో రాబిన్సన్‌ది కదా, మధ్యలో వాళ్ళావిడ పేరెందుకు వస్తుంది?" అని అడిగావు. ఒరేయ్, ప్రశ్న తిరగేసి అడిగావురా. రాప్ పాటని మొదట హిట్టు చేసిన ఆ అమెరికా కంపెనీ జో, ఆయన భార్య సిల్వియా ఇద్దరిదీ. డబ్బు లెక్కలు, డిస్ట్రిబ్యూటర్లతో బేరాలు జో చూసుకునేవాడు. ఏది రికార్డు చెయ్యాలి, ఎవరి గొంతు కావాలి, కింద ఏ వాయిద్యం ఎంతసేపు నడవాలి, ఇదంతా తేల్చింది సిల్వియా. రికార్డు కంపెనీలో అసలు పని అదే. ఆ పనిని ఎవరూ సరిగ్గా లెక్కలోకి తీసుకోరు.

ఆవిడ 1979లో ఊడిపడిన మనిషి కాదు. న్యూయార్క్‌లోని హార్లెంలో పుట్టి, 14 ఏళ్ళకే 'లిటిల్ సిల్వియా' పేరుతో పాడింది. మిక్కీ బేకర్ అనే గిటార్ విద్వాంసుడి దగ్గర గిటార్ నేర్చుకుంది. ఆయనతో కలిసి పాడిన 'లవ్ ఈజ్ స్ట్రేంజ్' 1957లో ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) పాటల చార్టులో మొదటి స్థానానికి ఎక్కింది. 1961లో ఐక్, టీనా టర్నర్ అనే జంట హిట్టు 'ఇట్స్ గోనా వర్క్ అవుట్ ఫైన్'లో గిటార్ వాయించింది. ఆ పాటను ప్రొడ్యూస్ చేసింది కూడా తనేనని చెప్పేది, కానీ రికార్డు మీద ఆవిడ పేరు పడలేదు. ఇది గుర్తు పెట్టుకో. పేరు పడటం, పడకపోవడం అనే గొడవ చివరిదాకా మన వెంటే వస్తుంది.

1960ల చివర్లో మొగుడూ పెళ్ళాలు న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్‌లో ఆల్ ప్లాటినం అనే కంపెనీ పెట్టారు. సొంత స్టూడియో కూడా ఉండేది. 1973లో 'పిల్లో టాక్' అనే పాట రాసి గాయకుడు అల్ గ్రీన్‌కి ఇవ్వబోతే ఆయన వద్దన్నాడు. తనే పాడేసింది, పాప్ చార్టులో 3వ స్థానం దాకా వెళ్ళింది. అయినా 1979 నాటికి ఆల్ ప్లాటినం దివాలా తీసింది. రూలెట్ రికార్డ్స్ అధిపతి మోరిస్ లెవీ పెట్టుబడితో మళ్ళీ మొదలుపెట్టిందే షుగర్ హిల్. హార్లెంలోని ఒక పేట పేరది.

ఆ ఏడు హార్లెం వరల్డ్ అనే క్లబ్బులో లవ్‌బగ్ స్టార్‌స్కీ అనే డీజే, పాట నడుస్తుండగానే మైకులో మాటలు అల్లుతుంటే (దాన్నే రాప్ అంటారు), జనం అరుపులతో జవాబివ్వడం సిల్వియా చూసింది. న్యూయార్క్‌లోనే ఉన్న బ్రాంక్స్‌లో అప్పటికి ఆరేళ్ళుగా ఈ పార్టీలు నడుస్తున్నాయి. దాన్ని రికార్డు చేయొచ్చని అక్కడి వాళ్ళలో చాలామంది అనుకోలేదు. రాత్రంతా సాగే పార్టీని ప్లేటు మీదికి ఎలా ఎక్కిస్తాం అని వాళ్ళ అనుమానం. ఆవిడకి తట్టింది. కొడుకు జోయీ సాయంతో ఇంగిల్‌వుడ్‌లోనే ముగ్గురు కుర్రాళ్ళని పట్టింది. పిజ్జా కొట్లో పనిచేసే బిగ్ బ్యాంక్ హ్యాంక్, వండర్ మైక్, మాస్టర్ గీ. కొట్టు ముందు ఆపిన కారులోనే పరీక్ష. ఒకరిని తీసుకుందామని వెళ్ళి ముగ్గురినీ తీసుకుంది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, అసలు పనితనం ఇక్కడే ఉంది. పార్టీల్లో డీజే రెండు ప్లేట్లతో ఒకే ముక్కని తిప్పి తిప్పి నడిపేవాడు. ఆ ముక్కని కోసి అతికించడానికి స్టూడియోల్లో అప్పటికి శాంప్లర్లు, అంటే శబ్దం ముక్కని పట్టి మళ్ళీ మళ్ళీ వినిపించే యంత్రాలు, రాలేదు. కాబట్టి సిల్వియా మనుషుల చేత వాయించింది. షీక్ అనే డిస్కో బృందం పాట 'గుడ్ టైమ్స్'లోని బాస్ గిటార్ వరసని, ఆ ముగ్గురూ పాడే 'రాపర్స్ డిలైట్' కింద బ్యాండు ఆపకుండా వాయించాలి. లెక్క వెయ్యి: నిమిషానికి సుమారు 111 దెబ్బలు, పద్నాలుగున్నర నిమిషాలు. అంటే సుమారు 1,600 దెబ్బలు. మన ఆదితాళంలో కొలిస్తే 200 ఆవర్తాలు! అంతసేపు వాయిస్తే వేళ్ళు బిగుసుకుంటాయి, తెలియకుండానే వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే ఊపిరి తీసుకునే చోటు పోయి రాపర్ మాట మింగేస్తాడు. వేగం తగ్గితే డాన్సు చచ్చిపోతుంది. ఆ బాస్ తనే వాయించానని చిప్ షియరిన్ తర్వాతి రోజుల్లో చెప్పాడు. అప్పటికి 17 ఏళ్ళ కుర్రాడు, ముట్టింది 70 డాలర్లట.

నిడివి ఇంకో చిక్కు. ఏడంగుళాల ప్లేటులో ఒక వైపు ఐదారు నిమిషాలకి మించి పెడితే సూది నడిచే గాడులు దగ్గరై శబ్దం తగ్గుతుంది, ముందు పోయేది బాస్. అందుకే పన్నెండంగుళాల ప్లేటు. గాడికి చోటు దొరుకుతుంది, క్లబ్బులో మోత నిలబడుతుంది, ధర ఎక్కువ కాబట్టి చిన్న కంపెనీకి చేతికొచ్చేదీ ఎక్కువే. 1979 సెప్టెంబర్‌లో విడుదలైన 'రాపర్స్ డిలైట్' 1980 జనవరిలో అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో 36వ స్థానానికి వెళ్ళింది. రాప్ పాట టాప్ 40లోకి రావడం అదే మొదటిసారి.

తప్పు జరిగిన చోటూ చెప్తాను, దాచిపెట్టి పొగిడితే ఆవిడకే అన్యాయం. హ్యాంక్ చెప్పిన చరణాలు గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే ఇంకో రాపర్‌వి. కాజ్ తన ముద్దుపేరు కాసనోవాని అక్షరం అక్షరం పలికే చోటుని కూడా హ్యాంక్ మార్చకుండా దింపేశాడు. కాజ్ పేరు పడలేదు. రెండోది, ఒకరి బాణీని కొత్తగా వాయించుకుంటే ఆ రికార్డింగు హక్కుతో పేచీ ఉండదు కానీ బాణీ హక్కు బాణీ కట్టినవాడిదే. షీక్ వాళ్ళు నైల్ రోజర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ కోర్టుకెళ్తామనేసరికి వాళ్ళ పేర్లు వెయ్యక తప్పలేదు. మొదట వచ్చిన ప్లేట్ల మీద ఉన్నవి ముగ్గురు రాపర్ల పేర్లూ, సిల్వియా పేరూ.

తర్వాత ఆవిడ కుదిర్చిన బ్యాండు సంగతి. స్కిప్ మెక్‌డొనాల్డ్ గిటార్, డగ్ వింబిష్ బాస్, కీత్ లెబ్లాంక్ డ్రమ్స్. రాపర్లు మారుతున్నా కింద వాద్యం వాళ్ళదే, అందుకే షుగర్ హిల్ రికార్డు రెండు నిమిషాల్లో గుర్తుపట్టేస్తావు. సౌత్ కరోలినా నుంచి వచ్చిన ముగ్గురమ్మాయిల బృందం 'ది సీక్వెన్స్'ని కూడా 1979లోనే రికార్డు చేయించింది. ఆ ముగ్గురిలో ఒకరు తర్వాత పేరు తెచ్చుకున్న గాయని ఏంజీ స్టోన్.

1982లో 'ది మెసేజ్'. స్టూడియోలో తాళవాద్యాలు వాయించే డ్యూక్ బూటీ రాసుకొచ్చిన పాట. నెమ్మదిగా నడుస్తుంది, మురికివాడ గోడు. షుగర్ హిల్‌కే పాడే డీజే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం వద్దంది. పార్టీలో ఇదెవడు వింటాడని వాళ్ళ భయం, అదీ న్యాయమైనదే. సిల్వియా పట్టు వదల్లేదు. ఆ బృందంలోంచి రాపర్ మెలీ మెల్ ఒక్కడినే కూర్చోబెట్టి, బూటీ గొంతుతో కలిపి పూర్తిచేసింది. మెల్ 1979లో వేరే కంపెనీ రికార్డులో చెప్పిన పాత చరణమే దీని చివర వస్తుంది. అక్కడ పార్టీ సందడిలో కలిసిపోయిన మాటలు ఇక్కడ గుండెల్లో దిగుతాయి. ఆ చోటు ఎంపికే నిర్మాత పని రా. ప్లేటు మీద మాత్రం ముందు పడింది ఫ్లాష్ పేరు, పాటలో ఆయన పని దాదాపు లేదు! 2002లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాలని ఎంచుకున్న మొదటి 50 రికార్డింగుల్లో ఇదొకటి.

రాయల్టీలు సరిగ్గా ఇవ్వలేదని 1983లో ఫ్లాష్ కోర్టుకెళ్ళాడు. కళాకారుల గోడు నిజమైనదే అని నా అభిప్రాయం. పేరు పడని బాధ అనుభవించిన మనిషి దగ్గరే అలా జరగడం నాకింకా మింగుడు పడదు. అదే ఏడు రన్ డీఎంసీ అనే రాప్ బృందం డ్రమ్ మెషీన్‌తో వచ్చేసరికి బ్యాండు వాద్యం పాతబడింది, 1986 నాటికి కంపెనీ మూతపడింది. సిల్వియా 2011 సెప్టెంబర్ 29న పోయింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు గుర్తించింది 2022లో.

ఇవాళ రాత్రి 'రాపర్స్ డిలైట్' పూర్తి నిడివిది పెట్టుకో, చిన్నది కాదు. మాటలు వదిలేసి బాస్ ఒక్కటే పట్టుకో. రెండో నిమిషంలో కాలితో తాళం వేసి చూడు, మళ్ళీ పదమూడో నిమిషంలో వేసి చూడు. ఎంత తేడా వచ్చిందో నాకు రాయి.

నీ
శ్రీను