మేరీ అంటే చర్చి కాదమ్మా

లియోన్, ఫ్రాన్స్

అమ్మా,

నేను బాగానే ఉన్నాను. ఆఫీసు మామూలే. మొన్న నువ్వు ఏడుస్తూ ఫోన్ పెట్టేశాక రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్లో నువ్వు నన్ను చెప్పనివ్వవు, అందుకే రాస్తున్నాను.

మేరీలో పెళ్లి అనగానే చర్చి అనుకున్నావు. కాదమ్మా. ఇక్కడ మేయర్‌ని 'మేర్' అంటారు, ఆయన కార్యాలయం 'మేరీ'. ఇంగ్లీషువాళ్లకు మేయర్ అన్న మాట ఫ్రెంచి నుంచే వచ్చింది. అసలు మూలం లాటిన్‌లో ఉంది, 'మరింత పెద్ద' అని అర్థం. మన 'మహా'కీ దానికీ పుట్టుక ఒక్కచోటే. ఈ ముక్క నాన్నకు చదివి వినిపించు. పెద్దల ఎదుట జరగని పెళ్లి పెళ్లేనా అన్నావు. మేర్ అన్న మాటకు అర్థమే పెద్ద అని తెలిశాక నాకైతే మనసు కుదుటపడింది.

చర్చికీ దీనికీ సంబంధం లేదు. పుట్టుకలు, పెళ్లిళ్లు, చావుల లెక్క రాసే పని 1792లో, విప్లవకాలంలో, చర్చి చేతుల్లోంచి తీసేసి మునిసిపాలిటీలకు అప్పగించారు. ఇప్పుడు ఎవరైనా ముందు మేరీలో చేసుకోవాల్సిందే, ఏ మతం పెళ్లయినా ఆ తర్వాతే.

పిన్నికి కూడా చెప్పు, నేను పంపిన ఫోటో కింద ఉన్న 'ఒతెల్ ద వీల్' హోటల్ కాదు. ఒకప్పుడు ఒతెల్ అంటే గొప్పవాళ్ల భవంతి. అది ఊరంతటికీ మేయర్ ఉండే భవనం, 1651 నాటికే కట్టేశారు. మా పెళ్లి అక్కడ కాదు. ఊళ్లో తొమ్మిది అరోందిస్మాలున్నాయి, మన వార్డుల్లాంటివి. దేని మేరీ దానికుంది. మాది మూడోది.

రహస్యంగా చేసుకుంటున్నానని మాత్రం అనకమ్మా. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. పెళ్లికి ముందు పది రోజులపాటు మా ఇద్దరి పేర్లూ మేరీలో నోటీసు అంటించారు. పెళ్లి జరిగినంతసేపూ హాలు తలుపులు తెరిచే ఉంచాలి, అది ఇక్కడి చట్టం. దారినపోయేవాళ్లయినా లోపలికి రావచ్చు. అన్నయ్య నా తరఫున సాక్షి సంతకం పెడతాడు.

తాళి నువ్వు పెట్టించిన ముహూర్తానికే, మనింట్లోనే. అతనూ సరేనన్నాడు.

నీ నీలం పట్టుచీర నా దగ్గరే ఉంది. మేరీకి అదే కట్టుకుంటాను. జాకెట్టు బిగుతైంది, నిన్న కూర్చుని కుట్లు విప్పుకున్నాను.

నీ
బుజ్జి