టీషర్టు మీది బాబ్ మార్లే గురించి

అమ్మడూ,

హార్మొనీ (వేర్వేరు గొంతులు వేర్వేరు స్వరాల్లో కలిసి పాడడం) ప్రాక్టీసంటే విసుగొస్తోందనీ, సార్ పాడిందే మళ్లీ మళ్లీ పాడిస్తున్నారనీ మొన్న ఫోన్లో గొణిగావు. అప్పుడేమన్నా అంటే పెట్టేస్తావని ఊరుకున్నాను. నువ్వు వేసుకు తిరిగే టీషర్టు మీద రెగె పాటల బాబ్ మార్లే ఉన్నాడు కదా, ఆయన సంగతి కాస్త చెబుతాను.

1945లో జమైకాలోని నైన్ మైల్ అనే కొండపల్లెలో పుట్టాడు. తరవాత తల్లితో కింగ్‌స్టన్ చేరి, ట్రెంచ్ టౌన్ అనే పేదల పేటలో పెరిగాడు. చదువు మానేశాక వెల్డింగ్ షాపులో పనికి కుదిరాడు. ఓరోజు ఇనుప రజను ఎగిరి కంట్లో గుచ్చుకుంది. అది తీయించుకున్నాక ఇక ఆ పని జోలికి పోలేదు. అదే షాపులో పనిచేసిన డెస్మండ్ డెకర్ కూడా తరవాత పెద్ద గాయకుడయ్యాడు, చూడు. అతని ప్రోత్సాహంతోనే 1962లో బాబ్ మొదటి రికార్డు వచ్చింది. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

నాకు అసలు ఇష్టమైన మనిషి ఇప్పుడొస్తాడు. జో హిగ్స్. అప్పటికే రికార్డులున్న గాయకుడు. అయినా ట్రెంచ్ టౌన్‌లోనే ఉంటూ, తన వాకిట్లో కుర్రాళ్లని కూచోబెట్టుకుని పైసా తీసుకోకుండా పాట నేర్పేవాడు. బాబ్, అతనితో కలిసి ‘వెయిలర్స్’ అనే బృందం కట్టిన బన్నీ, పీటర్, ముగ్గురూ ఆ వాకిట్లో తేలినవాళ్లే. ఊపిరి ఎక్కడ పట్టాలి, పక్కవాడి గొంతుకి ఎక్కడ చోటివ్వాలి, ఇవే పాఠాలు. జనం ముందు బెదురు పోవడానికి అర్ధరాత్రి శ్మశానంలో పాడించాడని కూడా చెప్పుకుంటారు. మీ సార్ అంతదాకా పోలేదు, సంతోషించు.

1964లో వెయిలర్స్ పాడిన ‘సిమ్మర్ డౌన్’ జమైకాలో మొదటి స్థానానికి ఎక్కింది. గొడవలకి దిగే కుర్రాళ్లని ‘కాస్త తగ్గండ్రా’ అనే పాట. అప్పటికి రెగె పుట్టలేదు, అది స్కా, అంటే రెగెకి ముందు జమైకాలో ఊపేసిన హుషారు సంగీతం.

తరవాతి పేరూ, డబ్బూ నీకు తెలిసినవే. 1973లో అమెరికా టూరుకి రానని బన్నీ మొండికేస్తే, అతని చోట నిలబడి పాడింది ఎవరనుకున్నావు? జో హిగ్సే! మరుసటి ఏడు బన్నీ, పీటర్ ఇద్దరూ విడిపోయారు. ప్రపంచమంతా మోగిన పాటలు చాలావరకు ఆ తరవాతివే. నాకు మాత్రం ముగ్గురూ కలిసి పాడినవే ఎక్కువ నచ్చుతాయి. మీ అమ్మ ఒప్పుకోదులే.

ఇంకోటి. 1978లో బాబ్ స్టేజీ మీదికి పిలిచి చేతులు కలిపించిన ఇద్దరు బద్ధశత్రువులైన జమైకా రాజకీయ నాయకుల్లో ఒకడు ఎడ్వర్డ్ సియాగా. రాజకీయాల్లో పెద్దవాడు కాకముందు జో హిగ్స్ పాటని రికార్డుగా తెచ్చింది ఆయనే. ఆ చేతులు కలిపించిన మూడేళ్లకే, 36 ఏళ్ల వయసులో, బాబ్ క్యాన్సర్‌తో పోయాడు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘సిమ్మర్ డౌన్’ విను. బాబ్‌ని వదిలెయ్, వెనక గొంతుల మీదే చెవి పెట్టు. ఎన్ని గొంతులున్నాయో ఆదివారం ఫోన్లో చెప్పు.

నాన్న